వాగుకు తొందర నేర్పింది మనమే

వాగు పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయంటే, గోడల మీద బురద చార ఆరకముందే ఒక డిమాండ్ తయారైపోతుంది. వాగును వెడల్పు చేయండి, లోతు చేయండి, రెండు పక్కలా కాంక్రీటు గోడలు లేపండి. మీటింగులో అందరూ తలూపుతారు. అధికారులు ఇంకాస్త గట్టిగా ఊపుతారు, ఎందుకంటే గోడ కంటికి కనపడే పని. కొలతలు వేయొచ్చు, బిల్లు పెట్టొచ్చు, ఫొటో తీసుకోవచ్చు. వాగు పక్కన ఇల్లున్నవాణ్ణి కాబట్టి నాకూ ఆ ఆశ తెలుసు. అర్ధరాత్రి వాన ఆగకుండా పడుతుంటే టెన్షన్‌తో కిటికీ దగ్గర నిలబడ్డవాడికి గోడ కన్నా మంచి కల ఏముంటుంది?

అయినా నేను గోడ వైపు లేను. కనీసం అన్నిటికన్నా ముందు గోడే అనే మాట వైపు లేను. వాగుల వరదల్లో చాలావాటికి కారణం నీళ్లు ఎక్కువ రావడం ఒక్కటే కాదు, అన్నీ ఒకేసారి రావడం. అలాంటప్పుడు డ్రైనేజీ బాగు చేయడమంటే నీళ్లను ఇంకా వేగంగా తరిమేయడమే అనుకుంటే, జబ్బునే మందు అనుకుంటున్నామన్నమాట.

లెక్క చూద్దాం, పెద్ద కష్టమేం కాదు. చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే ఒక్క హెక్టారు మీద పడేది 5 లక్షల లీటర్లు. అందులో వాగుకు చేరేది ఎంత అన్నది నేలను బట్టి ఉంటుంది. పచ్చిక నేల అయితే ఐదో వంతు పారుతుంది, మిగతాది ఇంకిపోతుంది, లేదా గడ్డిలో, చిన్న చిన్న పల్లాల్లో నిలిచిపోతుంది. డాబాలు, తారు రోడ్లు, సిమెంటు వాకిళ్లు అయితే పదింట తొమ్మిది వంతులు పారతాయి. అదే వాన, అదే హెక్టారు. లక్ష లీటర్లు దిగాల్సిన చోట నాలుగున్నర లక్షలు దిగుతాయి. ఈ లెక్కకు పునాది వేసినవాడు థామస్ మల్వానీ అనే ఐర్లండ్ ఇంజినీరు, 1851లో. చిన్న పరివాహక ప్రాంతాలకు డ్రెయిన్లు డిజైన్ చేసేవాళ్లు ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు.

ఆ లెక్కలో ఎవరూ పెద్దగా పట్టించుకోని సగం ఒకటుంది. అది సమయం. పరివాహక ప్రాంతంలో అన్నిటికన్నా దూరంగా ఉన్న మూల నుంచి నీళ్లు బయల్దేరి మన కల్వర్టు, అంటే రోడ్డు కింద వాగు దాటే తూము, దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపు కురిసే వాన ఉధృతినే లెక్కలోకి తీసుకోవాలి. అంతసేపు కురిస్తేనే అన్ని మూలల నీళ్లూ కల్వర్టు దగ్గర ఒకేసారి కలుస్తాయి మరి. ఇప్పుడు గట్లు, పల్లాలు, వంకర్లు అన్నీ తీసేసి సూటిగా సిమెంటు డ్రెయిన్ వేశామనుకోండి. గంట పట్టే ప్రయాణం ఇరవై నిమిషాలకు దిగుతుంది. వానకేమో ఒక గుణం ఉంది: ఎంత కొద్దిసేపైతే అంత జోరుగా కురవగలదు. గంటంతా ఒకే జోరులో కుమ్మరించడం అరుదు, ఇరవై నిమిషాలు కుమ్మరించడం మామూలే. కాబట్టి వాగు ఇక గంట వాన సగటుకు కాదు, ఇరవై నిమిషాల కుండపోతకు పొంగుతుంది. పారే నీళ్లూ పెరిగాయి, వాన లెక్కా పెరిగింది. ఈ రెండూ కూడిక కాదు, హెచ్చవేత.

ఇది ఎగువన జరిగే కథ. ఇక మన కళ్ల ముందు జరిగేది కల్వర్టు దగ్గర.

వరద తగ్గిన మర్నాడు పొద్దున్నే ఏదైనా పాత కల్వర్టు నోటి దగ్గరికి వెళ్లి చూడండి. ముందు ఒక కొమ్మ అడ్డం పడి ఉంటుంది. దానికి తీగలు, రెమ్మలు చుట్టుకుని ఉంటాయి. వాటి మీద ప్లాస్టిక్ సంచులు, గుడ్డ పీలికలు, ఎవరిదో పరుపు ముక్క, థర్మాకోల్ అట్టలు ఒకదాని మీద ఒకటి అతుక్కుని, మధ్యలో సందుల్ని బురద పూడ్చేసి ఉంటుంది. కర్రతో పొడిచినా కదలదు. కాగితం మీద ఆ తూము సెకనుకు ఇన్ని వేల లీటర్లు పంపాలి. నిన్న రాత్రి పంపింది అందులో ఎంతో ఎవరికీ తెలియదు. మనం ఖాళీగా ఉన్న తూముకు లెక్క వేస్తాం, వరద మాత్రం నిండా చెత్త తట్టుకున్న తూముకు వస్తుంది.

ఆస్ట్రేలియాలోని వూలంగాంగ్ నగరం ఈ సంగతిని మొహమాటం లేకుండా ఒప్పుకుంది. 1998 ఆగస్టులో అక్కడి కొండవాలు వాగులు పొంగినప్పుడు తూములు, చిన్న వంతెనలు కొట్టుకొచ్చిన చెట్లతో, రాళ్లతో మూసుకుపోయాయి. నీళ్లు వాగు వదిలేసి వీధులు పట్టాయి. ఆ తర్వాత నగర కౌన్సిల్ ఒక నియమం పెట్టుకుంది. మూల నుంచి మూలకు కొలిస్తే 6 మీటర్లకన్నా తక్కువ ఉన్న ఏ తూమైనా వరదలో పూర్తిగా మూసుకుపోతుందనే అనుకుని లెక్క వేయాలి. తర్వాత దాన్ని సవరించారు, అన్ని చోట్లకూ అంత కఠినంగా అక్కర్లేదన్నారు. కానీ ఆ మొదటి నియమంలో ఉన్న నిజాయితీ నాకు నచ్చుతుంది. ఇంగ్లండ్‌లో బోస్‌కాసిల్ అనే చిన్న ఊళ్లో 2004 ఆగస్టు 16న వంతెనకు చెట్లే కాదు, కార్లు కూడా వచ్చి తట్టుకున్నాయి. సుమారు వంద మందిని హెలికాప్టర్లతో పైకి లాగాల్సి వచ్చింది. ఒక్క ప్రాణం కూడా పోకపోవడం వాళ్ల అదృష్టం.

ఇక్కడే ఒక లెక్క మన వైపు ఉంది. పైపు వ్యాసం రెట్టింపు చేస్తే అది మోసే నీళ్లు రెట్టింపు కావు, నాలుగు రెట్లూ కావు, అదే వాలులో ఆరు రెట్లు దాటతాయి. 600 మిల్లీమీటర్ల పైపులు మూడు పక్కపక్కన పరిచి "మూడు వేశాం కదా" అనే పద్ధతి చాలా చోట్ల చూస్తాం. 1200 మిల్లీమీటర్లది ఒక్కటి అలాంటివి ఆరింటి పని చేస్తుంది. పైగా కొమ్మ వచ్చి మూడు పైపుల మధ్య ఉన్న అడ్డుగోడకు తట్టుకున్నట్టు దీనికి తట్టుకోదు. నా మటుకు నాకు, కొత్త గోడ కిలోమీటరు కన్నా పాత తూము ఒకటి మార్చడం ఎక్కువ విలువైన పని.

కానీ జరిగేది వేరు. మా వాగు మీదే ఒక పెద్ద పొడవు వెడల్పు చేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. దాని కింది చివర రోడ్డు దాటే తూము మాత్రం పాతదే. ఎందుకని అడిగితే వాగు ఒక శాఖది, రోడ్డు ఇంకో శాఖది అన్నారు. తూము నోరు చిన్నదైతే దానికి ఎగువన నీళ్లు ఎంత ఎత్తున నిలవాలో ఆ తూమే తేలుస్తుంది, వాగు వెడల్పు కాదు. కొత్తగా వెడల్పు చేసిన జాగా అంతా ఇప్పుడు వరద రోజున పొడవాటి చెరువు. అది నిండడానికి కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుందంతే.

సరే, తూము మార్చేద్దాం. అప్పుడు ఇంకో చిక్కు. ఆ పాత తూము, దాని మీద ఎత్తుగా వేసిన రోడ్డు కట్ట, ఇన్నేళ్లుగా ఎవరూ అనుకోకుండానే ఒక ఆనకట్టలా పనిచేస్తున్నాయి. ఎగువవాళ్లను ముంచుతూ దిగువవాళ్లను కాపాడుతున్నాయి. దాన్ని ఒక్కసారిగా తెరిస్తే ఎగువవాళ్లు చప్పట్లు కొడతారు, దిగువ వీధిలో ఎప్పుడూ రాని నీళ్లు వస్తాయి. అందుకే వాగు మీద పని ఎప్పుడైనా కింది నుంచి పైకి రావాలి. ముందు వాగు ఎక్కడ కలుస్తుందో అక్కడ దారి చూడాలి, తర్వాత దాని పై తూము, ఆ తర్వాత ఇంకా పైది. హ్యూస్టన్‌లో బ్రేస్ బయూ అనే వాగుకు ఒకప్పుడు కాంక్రీటు తొడిగారు, అయినా ముంపు తప్పలేదు. తర్వాత చేపట్టిన పెద్ద పనిలో 21 మైళ్ల పొడవునా వాగును వెడల్పు చేశారు, సుమారు 30 వంతెనల్ని తిరిగి కట్టారు లేదా సవరించారు. వెడల్పు పని దిగువ నుంచి ఎగువకు నడిచింది. నాకు ముఖ్యమనిపించింది వీటన్నిటితో పాటు తవ్విన నాలుగు పెద్ద నిల్వ గుంటలు. కాంక్రీటు చేతకాని పనిని ఆ గుంటలకు అప్పజెప్పారు.

నిల్వ గుంట అంటే చెరువు కాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి, ఆటస్థలంగానో పచ్చికగానో ఉంటుంది. కింద చిన్న రంధ్రం, పైన అలుగు. వాగు జోరెక్కినప్పుడు పక్కకు పొర్లిన నీళ్లు అందులోకి చేరతాయి, చిన్న రంధ్రం గుండా గంటల తరబడి తీరిగ్గా బయటికి పోతాయి. మొత్తం నీళ్లు ఒక్క చుక్క తగ్గవు. ఇళ్లలోకి వచ్చేదల్లా ఆ జోరు శిఖరంలో ఉన్న అరగంట నీళ్లే కాబట్టి, ఆ అరగంటను నాలుగు గంటలకు పరిచేస్తే చాలు.

ఇది కొత్త తెలివేం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తి వేల ప్రాణాలు తీసిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాలో కీలకం ఊరి మధ్య గోడలు కాదు, ఊరికి ఎగువన నీళ్లను ఆపే జలాశయాలు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నది స్థాయిలో ఆయన చేసిందే వాగు స్థాయిలో ఇంగ్లండ్‌లోని పికరింగ్ అనే ఊరు చేసింది. 2007లో ముంపు చూశాక, ఊళ్లో వాగు పొడవునా గోడలు కట్టడం ఖర్చుకు తూగదని తేలింది. దాంతో అడవిలోని పాయలకు అడ్డంగా దుంగలతో, నీళ్లు సందుల్లోంచి కారేటట్టు చిన్న చిన్న అడ్డుకట్టలు వేశారు, చెట్లు నాటారు, ఊరికి ఎగువన సుమారు 1,20,000 ఘనపు మీటర్లు పట్టే మట్టికట్ట కట్టారు. 2015 డిసెంబరు చివర్లో చుట్టుపక్కల ప్రాంతాలు మునిగినప్పుడు పికరింగ్ మునగలేదు. వరద శిఖరం 15 నుంచి 20 శాతం తగ్గిందని తర్వాత లెక్క తేల్చారు. ఇరవై శాతమేనా అనిపించవచ్చు. గుమ్మం మీదకు నీళ్లు ఎక్కాయా, గుమ్మం కింద ఆగాయా అన్న తేడా చాలాసార్లు అంతలోనే ఉంటుంది.

అలాగని గుంట ఎక్కడ పడితే అక్కడ తవ్వమని కాదు. వాగుకు కింది చివర ఉన్న కాలనీ నీళ్లు మామూలుగా ఎగువ వరద రాకముందే వెళ్లిపోతాయి. అక్కడ గుంట పెట్టి ఆపామంటే, ఆ నీళ్లు సరిగ్గా ఎగువ పోటు వచ్చే సమయానికి బయటికొచ్చి దానికి తోడవుతాయి. అక్కడ చేయాల్సింది త్వరగా పంపేయడమే. ఎగువన నెమ్మది, దిగువన తొందర. ఇంతకీ ఏది ఎగువ, ఏది దిగువ అన్నది మొత్తం వాగును ఒకే పటం మీద పెట్టి చూస్తే గానీ తెలియదు. వార్డు వార్డుకూ విడివిడిగా అంచనాలు వేసే పద్ధతిలో అది ఎన్నటికీ తెలియదు.

పూడికతీత గురించి కూడా రెండు మాటలు. వాన కాలానికి ముందు జేసీబీ దిగడం ఒక తంతు. గడ్డి, గుర్రపుడెక్క తీయడం నిజంగా పనికొచ్చేదే. కాలువ గరుకుదనాన్ని లెక్కలోకి తెచ్చే సూత్రం రాబర్ట్ మానింగ్ 1889లో చెప్పాడు, ఆయనా ఐర్లండ్ వాడే. అక్కడ వానలెక్కువ కాబట్టేమో! ఆ సూత్రం ప్రకారం జమ్ము, గుర్రపుడెక్క దట్టంగా కమ్మిన మట్టి కాలువ, శుభ్రంగా ఉన్నప్పటి ప్రవాహంలో సగమో మూడో వంతో మాత్రమే అదే లోతులో మోయగలదు. కాబట్టి గడ్డి కోయండి, ప్రతి ఏడూ కోయండి. కానీ అడుగును తవ్వుకుంటూ పోవడం వేరే సంగతి. దిగువ తూము అడుగు కన్నా లోతుగా ఎగువన తవ్వితే ఆ గొయ్యిలో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి గానీ ప్రవాహం పెరగదు. రెండు వానలకు మళ్లీ బురద చేరి పాత మట్టానికి వస్తుంది. గట్టు మీదే పోసిన పూడిక మట్టి అయితే మొదటి వానకే తిరిగి వాగులో ఉంటుంది, ఆ సంగతి వాగు పక్కన ఉండేవాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. గోడతో నాకున్న పెద్ద పేచీ అది చెప్పే అబద్ధం. నీళ్లు వాగు గట్టు దాటి వస్తాయని అనుకుంటాం కదా, మా వీధిలో మాత్రం ముందు మ్యాన్‌హోల్ నుంచి వస్తాయి. వాగు మట్టం ఇంకా గట్టుకు మూరెడు కింద ఉండగానే వీధి చివర మూత టకటకమని కొట్టుకోవడం మొదలవుతుంది. లోపల్నుంచి గాలి తన్నుతుంది. కాసేపటికి మూత అంచుల్లోంచి నీళ్లు చిమ్ముతాయి, తర్వాత మూత పక్కకు జరిగిపోతుంది. కారణం సులువే. వీధి డ్రెయిన్ వాగులో కలిసే చోటు వీధి కన్నా పల్లంలో ఉంది. వాగు మట్టం ఆ నోటిని దాటి, వీధి మట్టాన్ని కూడా మించిందంటే వాగే డ్రెయిన్‌లోంచి వెనక్కి ఎదురొస్తుంది. గోడ ఎంత ఎత్తు కట్టినా దాని కింది నుంచి వెళ్లే పైపును అది ఆపలేదు.

పైపు చివర ఒక వైపే తెరుచుకునే రేకు తలుపు పెట్టొచ్చు, పెట్టాలి కూడా. వాగు ఎత్తుగా ఉన్నప్పుడు అది మూసుకుంటుంది. కానీ ఒక చిన్న పుల్ల ఇరుక్కున్నా పూర్తిగా మూసుకోదు, ఎవరో ఒకరు చూస్తుండాలి. అది చక్కగా మూసుకుంటే వీధిలో పడ్డ వాన నీళ్లకు బయటికి దారి ఉండదు. అప్పుడు పంపులు కావాలి. పంపులకు కరెంటు కావాలి. గాలివానలో మొదట పోయేది కరెంటే.

గట్టు తెగితే ఏమవుతుందో విజయవాడ 2024 సెప్టెంబరు మొదట్లో చూసింది. బుడమేరు నీళ్లను కృష్ణలోకి మళ్లించే కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయానికి కృష్ణ కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు స్థాయి వరదతో పారుతోంది. చిన్నది పెద్దదాంట్లోకి దిగాలంటే పెద్దది కాస్త తగ్గి ఉండాలి కదా. గట్టు నమ్ముకుని దాని వెనక ఇళ్లు పెరిగే కొద్దీ, తెగిన రోజు నష్టం అంతకంతా పెరుగుతుంది.

గోడలు ఎక్కడా వద్దనడం లేదు. వాగు ఒడ్డుకు ఇళ్లు ఆనుకుపోయి అడుగు జాగా లేని చోట్ల గోడ తప్ప దారి లేదు, అక్కడ కట్టాల్సిందే. జాగా కొద్దిగా ఉన్నా నేను కోరేది రెండు అంతస్తుల కాలువ: మధ్యలో మామూలు రోజుల ప్రవాహానికి సన్నటి పాయ, రెండు పక్కలా వరద రోజున మాత్రమే మునిగే గడ్డి మెట్టు. పాయ సన్నగా ఉంటే మామూలు రోజుల్లో కూడా నీళ్లు కాస్త జోరుగా కదిలి ఒండ్రు పేరుకోవడం తగ్గుతుంది.

ఇంకొకటి. ఏ పని చేసినా దానికి మించిన వాన ఒకనాడు వస్తుంది. వందేళ్లకోసారి వచ్చే వరదకు డిజైన్ చేశాం అంటే ఏ ఏడాదైనా దాన్ని మించే అవకాశం 1 శాతం ఉందని అర్థం. ముప్పై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోపు అది కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. నాలుగింట ఒకటి! అంతకన్నా తక్కువ ముప్పుకే మనం బీమాలు కడుతున్నాం. కాబట్టి డిజైన్ దాటిన నీళ్లు ఎటు పోవాలో ముందే నిర్ణయించడం డ్రైనేజీ పనిలో భాగం. 2011 జులై 2న కోపెన్‌హాగన్‌లో సుమారు రెండు గంటల్లో 150 మిల్లీమీటర్ల దాకా కురిసి నగరం మునిగాక, 2012లో వాళ్లు ఒక ప్రణాళిక వేసుకున్నారు. అందులో దాదాపు 300 పనులు. కొత్త సొరంగాలు ఉన్నాయి, కానీ చాలా పనులు భూమి పైనే. ఫలానా వీధులు అవసరమైతే కాలువలుగా పారాలి, ఫలానా పార్కులు నిండాలి అని రాసుకున్నారు. ఒక్క ఎంగేవ్ పార్కే 20 వేల ఘనపు మీటర్లకు పైగా పట్టేలా దించి కట్టారు. మునగడం తప్పనప్పుడు పార్కు మునగాలి, పడకగది కాదు.

వీటన్నిటిలో డబ్బు కన్నా గట్టి అడ్డంకి ఎగువ భూమి. నిల్వ గుంట కావాల్సింది అక్కడ, మునిగేది ఇక్కడ. తన పొలానికి ఎన్నడూ ముంపు లేని రైతు, ఎవరో దిగువవాళ్ల కోసం రెండెకరాలు ఎందుకివ్వాలి? బతిమాలితే ఇవ్వడు, బలవంతంగా తీసుకుంటే కోర్టుకు వెళ్తాడు, వెళ్లాలి కూడా. మధ్యేమార్గం ఒకటుంది. భూమి ఆయనదే, సాగు ఆయనదే. నీళ్లు నిలబెట్టుకునే హక్కు మాత్రమే మనం కొనాలి. ఏటా కొంత మొత్తం, నీళ్లు నిలిచిన ఏడు పంట నష్టం మొత్తం. గోడ అంచనాలో పదో వంతు ఇలా చెల్లించినా ఎన్నేళ్లు గడుస్తాయో ఎవరైనా లెక్క కట్టి చెబితే బాగుండు. ఈసారి మీటింగులో నేను అడగబోయేది ఆ లెక్కే. దానితో పాటు, కింది చివర ఉన్న ఆ రోడ్డు తూమును ఏ శాఖ ఎప్పటికి మారుస్తుందో రాతపూర్వకంగా ఇమ్మంటాను. ఈ రెండూ చేతికొచ్చేదాకా గోడ ఫైలు పక్కన పెట్టమంటాను.